నాలుగవ చేయి

పేకాటయను మాట వినబడగానే సంస్కారప్రియులగు మన గృహస్థులు కనుబొమలు ముడివైతురు. వారి కోపమునకు కారణము లేకపోలేదు. పలనాటిలో సంక్రాంతి మూడునాళ్లును ఊరివెలుపలి తోటలలో పరచిన చాపలపై, మిరప యమ్మిన సొమ్మును ప్రత్తి యమ్మిన సొమ్మును ఏరీతి కరగిపోవునో కన్నులార చూచినవారు, ఏబదిరెండు ముక్కల పెట్టె తమ గడప దాటి లోనికి వచ్చుటనే సహింపలేరు. అట్లని, కత్తి గొంతు కోయునను భయమున వంటయింటిలో కూరలు తరుగుట మాన్పింపలేము గదా! పేకతో నాడు ఆటలనేకములు. వానిలో జూదము కొరకే పుట్టినవి కొన్ని. బుద్ధికి సానపట్టునవి కొన్ని. ఈ రెండు తెగలను ఒకే గాట గట్టివేయుటవలన మనకు గలిగిన లాభమేమనగా, మొదటి తెగ చాటున వర్ధిల్లినది, రెండవ తెగ ఇండ్లలో నశించినది.

న్యాయస్థానములు సైతము ఈ భేదమును పాటించినవి. 1967లో మన ఆంధ్రప్రదేశమునుండి వెళ్లిన యొక వ్యాజ్యెమున సర్వోన్నత న్యాయస్థానము, మూడుముక్కలాట కేవలము అదృష్టముపై నాధారపడినదనియు, రమ్మీ యట్టిది కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకును ఉంచవలసినదానిని విడువవలసినదానిని నిర్ణయించుటకును నేర్పు కావలయుననియు తీర్పు చెప్పినది. పిమ్మట 1974లో మన రాష్ట్రమున జూదపు చట్టము వచ్చినది. దానిని 2020లో సవరించి అంతర్జాలమున పందెమొడ్డి యాడుటను నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి నట్టి చట్టమునే చేసినది. చట్టములు సొమ్మును వెంబడించును. అది వాని పని. ఇంటి యరుగుమీద చింతగింజలు పెట్టుకొని యాడు నలుగురి జోలికి ఏ చట్టమును రాదు. నేను చెప్పదలచినది ఆ యరుగుమీది యాటను గూర్చియే. దాని పేరు ఇరవైయెనిమిది.

ఆట చెప్పుటకు ముందు దాని మాటలను గూర్చి యొకమాట. మనవారు పేకలోని నాలుగు జాతులను ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు అందురు. హాలెండు దేశపు డచ్చివారి భాషలో కళావరు జాతికి క్లావర్ అనియు, ఆఠీనుకు హార్టెన్ అనియు పేరు. మన తురుపుముక్కకు వారు ట్రూఫ్ అందురు. పోలిక చెవికి సోకుచునే యున్నది. ఆ డచ్చివారు 1606 నాటికే మచిలీపట్టణమున వర్తకశాల పెట్టుకొనిరి. వారి దేశమున నేటికిని క్లావర్‌యాస్ అను నొక యాట కలదు. అందు తురుపు జాతిలో జాకీ యన్నిటికంటె పెద్దముక్క, తొమ్మిది దాని తరువాతిది. ఇరవైయెనిమిదిలోను జాకీయే పెద్ద, తొమ్మిది రెండవది; అయితే మనవారు ఆ మర్యాదను నాలుగు జాతులకును పంచిపెట్టిరి. రాజు, రాణి కూర్చుండియుండగా బంటుకు పట్టము గట్టిన యీ యాట ఓడలలో వచ్చినదని క్రీడా చరిత్రకారులు కొందరు ఊహించుచున్నారు. నాకును అది సమ్మతమే. అంతకు పూర్వము మన దేశమున గంజీఫా యుండెను. తొంబదియారు గుండ్రని ముక్కలు, దశావతారపు పేకయైన నూట యిరువది. అందును పట్టులు పట్టుటయే యాట. తురుపు మాత్రము లేదు. తురుపు వచ్చి మన నోట స్థిరపడి, పేక ముట్టనివారి మాటలలోకి కూడ దిగినది. ఎదుటివానిని నోరెత్తకుండ జేయు సాక్ష్యమును తురుపుముక్క యనుచున్నాము. బేస్తుపడుట యన్నది కూడ బేస్తను పేకాటనుండి వచ్చినదే. ఆట నాడగూడదనువారును ఆటమాటలు లేకుండ ఒకపూట గడుపలేరు!

ఇక ఆటకు వత్తము. ఆడువారు నలుగురు. ఎదురెదురుగా కూర్చున్నవా రిద్దరు నొక జంట. పేకనుండి రెండు మొదలు ఆరు వరకు గల యిరువది ముక్కలను దీసి ప్రక్కన బెట్టవలెను. మిగిలినవి ముప్పదిరెండు, ఒక్కొక్కరికి ఎనిమిది. ముక్కల పెద్దరికము ఈ వరుసను నడచును: జాకీ, తొమ్మిది, ఆసు, పది, రాజు, రాణి, ఎనిమిది, ఏడు. జాకీకి మూడు పాయింట్లు, తొమ్మిదికి రెండు, ఆసుకును పదికిని ఒక్కొక్కటి. తక్కినవానికి విలువ లేదు. జాతికి ఏడు చొప్పున నాలుగు జాతులకు ఇరువదియెనిమిది. ఆట పేరిదే.

పంచుటలోనే యీ యాట యందమంతయు నున్నది. మొదట నాలుగేసి ముక్కలు మాత్రము పంచి పేక నాపివేయుదురు. ఆ నాలుగింటిని జూచి పాట పాడవలెను. సంతపాట, చెరువుపాట యెరిగిన మనవారికి ఈ మాట విప్పి చెప్ప నక్కరలేదు. పంచినవాని కుడిచేతివాడు మొదట పాడును. పదునాలుగుకు దక్కువ పాడరాదు, మొదటివాడు పాడకుండ నుండరాదు. తరువాతివారు హెచ్చు పాడవచ్చును, లేదా వద్దనవచ్చును. తన జంటవాని పాటను మించి పాడవలెనన్న ఇరువదికి దక్కువ పనికిరాదు. లేకున్న ఇద్దరు మిత్రులు ఒకరినొకరు తరుముకొని గోతిలో పడుదురు. పాట దక్కినవాడు తన నాలుగు ముక్కలలో నొకదానిని బోర్లించి బల్లపై బెట్టును. అది యే జాతిదో ఆ జాతి తురుపు. అది యాతనికి దక్క నెవ్వరికిని తెలియదు, జంటవానికి సైతము తెలియదు. అప్పుడు మిగిలిన నాలుగేసి ముక్కలు పంచుదురు.

ఆడుట కుడివైపుగా సాగును. మొదటివాడు వేసిన జాతి చేత నున్నయెడల తప్పక దానినే వేయవలెను. లేనియెడల రెండు దారులు. ఏదో యొక ముక్కను పారవేసి యూరకుండవచ్చును. లేదా తురుపు తెరువుడని యడుగవచ్చును. అడిగిన పిదప చేత తురుపున్నచో దానితో కోయక తప్పదు. తురుపు తెరవబడు వరకు, ఆ జాతి ముక్కలు కూడ మామూలు ముక్కలవంటివే. వానితో కోతలు చెల్లవు. పాటదారు తన చేతిలో వేఱు జాతి యున్నంతవరకు మూసిన తురుపుతో పట్టు నారంభింపరాదు. తురుపు తెరచినమీద, దాని రాజును రాణిని ఒకేచేత గలవాడు, తన జంట యొక పట్టు గెలిచిన పిమ్మట, ఆ దంపతులను జూపవచ్చును. చూపినది పాటదారు పక్షమైన, పాటలో నాలుగు తగ్గును. ఎదుటి పక్షమైన నాలుగు పెరుగును. ఎనిమిది పట్టులును ముగిసిన పిమ్మట పాయింట్లు లెక్కించి, పాట చెల్లినదా లేదా చూడవలెను. అంతే. ఒకమాఱు చదివి తికమకపడినవారు నాలుగు చేతు లాడి చూచిన, ఒక గంటలో చేతికి వచ్చును.

పాట యనగా నేమి? తన ముక్కలలో సగము మాత్రమే చూచి చేసిన ప్రతిజ్ఞ. ఇక్కడనే గణితము ప్రవేశించును. మన చేత నాలుగు ముక్కలున్నవి. మనకు దెలియనివి ఇరువదియెనిమిది. మన చేత లేని యొక జాకీని దలచుకొందము. అది మనకు రాబోవు నాలుగింటిలో నుండుటకు ఏడింట నొక పాలు, జంటవానికి వచ్చు నెనిమిదింటిలో నుండుటకు ఏడింట రెండు పాళ్లు, పగవారి పదునారింటిలో నుండుటకు ఏడింట నాలుగు పాళ్లు అవకాశము. కావున చూడని జాకీని నమ్మి పాడువాడు నాలుగు పాళ్ల నష్టమునకు మూడు పాళ్ల ఆశను ఒడ్డుచున్నాడన్నమాట. ఈ లెక్క నా పన్నెండవ యేట నాకు నేర్పినది బడి కాదు, అత్తయ్య. ఆమె బడిముఖ మెరుగదు. చింతగింజలు ఏడు పోసి, మూడటు, నాలుగిటు జరిపి చూపినది.

పలనాటివారికి పాట క్రొత్తదా? పండ్రెండవ శతాబ్దిలో మన నేలను రక్తముతో తడిపిన యుద్ధము కోడిపందెముతోడనే గదా రాజుకొన్నది. గురజాల పక్షమున నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షమున బ్రహ్మనాయుడు. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని ఒడంబడిక. మాచర్లవారి కోడి యోడినది. ఏడేండ్ల పిమ్మట మరలివచ్చి తమ పాలడిగిన నియ్యలేదు. కారెంపూడి కడ నాగులేటి యొడ్డున ఉభయపక్షముల వీరులు నేలగూలిరి. కార్తికమాసమున నేటికిని కారెంపూడిలో వీరుల తిరునాళ్లు ఐదునాళ్లు జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కొక్కనాటికి ఒక్కొక్క పేరు. కోడిపోరునాడు ఆ జనసముద్రమును జూచిన నాకొక యాలోచన వచ్చును. ఆ పందెము నొడ్డినవారు ఇద్దరు. దాని నచ్చుకొన్నవారు వేలకొలది. ఇరవైయెనిమిదిలో పాటదారు తన జంటవానిని మాత్రమే కట్టివేయును. అదియు అడుగకుండనే కట్టివేయును.

అదే బ్రహ్మనాయుని పేర మన పలనాటిలో చాపకూడను మాట నిలిచినది. ఒకే చాపపై అన్ని కులములవారిని కూర్చుండబెట్టి అన్నము పెట్టించెనని, మాలకులమున బుట్టిన కన్నమదాసును కొడుకువలె చేరదీసి సేనకు నాయకుని జేసెనని వీరగాథలు చెప్పును. ఏటేట ఆ కథను పాడించుకొని విను గ్రామములలోనే ఎనిమిదివందల యేండ్ల పిమ్మట ఎవరు ఏచాపపై కూర్చుండవలెనో యెంత కచ్చితముగా నిర్ణయింపబడియుండెనో చెప్పుటకే నేనీ వ్యాసము నెత్తుకొంటిని. ఆటనియమములు దానికి దారి.

మా యూరు గురజాలకును మాచర్లకును నడుమనున్నది. నాగార్జునసాగరము కుడికాలువ నీరు పొలములకు వచ్చి ఏడెనిమిదేండ్లయిన కాలమది. 1974, 75 ప్రాంతము. జొన్నచేలు వరిమళ్లయినవి. మిద్దెలపై నాపరాళ్లు పరచుకొనువారు పరచుకొనుచుండిరి. అత్తయ్య మా తండ్రిగారి పెద్ద యక్క. పదునెనిమిదవ యేట భర్త పోగా పుట్టింటికి వచ్చినది. ఆమెకు పేక యెట్లు వచ్చినదన, తలుపు చాటునుండి వచ్చినది. అరుగుమీద తాతగారును ఆయన మిత్రులును ఆడుచుండగా, లోపల బియ్యము చెరుగుచు వినుచుండెడిది. చూచుట కాదు, వినుట! ఎవరు ఏముక్క వేసిరో వారి కేకలనుబట్టియే లెక్కగట్టి, ఆట ముగిసినపిమ్మట “తొమ్మిది చేతిలో పెట్టుకొని పదితో ఎందుకు కోశావు, తమ్ముడూ?” అని మా బాబాయి నడిగెడిది. ఇంటి యాడువారు పేక ముట్టుట మర్యాద కాదన్న కాలము. ఈ పట్టింపునకు సాహిత్యము కూడ కొంత బాధ్యత వహింపవలెను. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున స్త్రీ పేక పట్టినది మధురవాణి యింటిలోనే గదా. దానిని జూచి నవ్వినవారు, ఇల్లాలి చేత పేక యుండిన నేమగునని యోచింపలేదు.

తాతగారి మిత్రులొకరొకరుగా గతించిన మీద అరుగుమీద చేతులు తక్కువయైనవి. ఇరవైయెనిమిదికి ముగ్గురు చాలరు. అదియే దాని లోపము, అదియే దాని పుణ్యము. మొదట అత్తయ్య తలుపు చాటునుండి అరుగుమీదికి వచ్చినది నాలుగవ చేయి లేకనే. “పిల్లవాళ్లకు నేర్పడానికిలే” అని తాతగారు తనకుదా నొక సాకు చెప్పుకొనిరి. మరుచటి వేసవిలో మరల నొకచేయి తక్కువయైనది. అప్పుడు అత్తయ్య మా పాలేరు పెద్దకొడుకును కేకవేసినది. వాడు నాతోపాటు ఏడవ తరగతి చదువుచుండెను. వాని యిల్లు మాలపల్లెలో. మా యింటిలో వానికి పశువుల పాకవరకే చోటు.

వాడు వచ్చి అరుగుక్రింద నిలుచుండెను. “పైకి రా, కింద కూర్చుంటే నీ ముక్కలు అందరికీ కనపడతాయి” అన్నది అత్తయ్య. ఇంతకంటె గొప్ప వాదము నే నే సంఘసంస్కరణ సభలోను వినియుండలేదు. వాడు చాప కొసన కూర్చుండెను. తాతగారు నులకమంచముమీదినుండి చూచిరి. కాదనలేదు. ఒకమాటమాత్రము అనిరి. “ఓడిన జంట లేవాల్సిందే. మనవలు కాచుకొని ఉన్నారు.” అది మా యింట నెప్పటినుండియో యున్న కట్టుబాటే. కాని యానా డందరికిని దాని యర్థము తెలిసినది. వాడొకమారు లేచినచో మరల కూర్చుండబెట్టువా రుండరు. పాకదగ్గర కుడితి కలుపుచున్న వాని తండ్రి తల యెత్తలేదు.

ఆ చేయి నాకిప్పటికిని ముక్క ముక్క జ్ఞాపకమున్నది. పంచినది అత్తయ్య. ఆమె కుడిప్రక్క బాబాయి, ఎదుట వాడు, ఎడమప్రక్క నేను. బాబాయియు నేనును జంట. అత్తయ్యకు వచ్చిన నాలుగు ముక్కలు కళావరు జాకీ, తొమ్మిది, రాణి, ఆఠీను ఆసు. బాబాయి పదునాలుగు పాడెను. వాడు వద్దనెను, నేను వద్దంటిని. అత్తయ్య పదునారు. బాబాయి పదునెనిమిది. అత్తయ్య ముక్కలవంక గాక మంచమువంక నొకమాఱు చూచి పందొమ్మిది యన్నది. ఎవ్వరును మించలేదు. రాణిని బోర్లించి పెట్టినది.

తక్కిన నాలుగును పంచుకొంటిమి. ఆమెకు వచ్చినవి కళావరు రాజు, డైమను పది, ఇస్పేటు ఏడు, ఆఠీను ఎనిమిది. బాబాయి డైమను జాకీతో మొదలుపెట్టెను. అత్తయ్య పది దానిక్రింద పోయినది. నాలుగు పాయింట్లు మావి. బాబాయి వెంటనే డైమను తొమ్మిది వేసెను. వాని చేత మిగిలిన డైమను ఆసు ఒక్కటే, వేయక తప్పలేదు. నేను రాజు వేసితిని. అత్తయ్య చేత డైమను లేదు. తురుపు తెరచి, రాణిని చేతికి దీసికొని, కళావరు తొమ్మిదితో కోసినది. ఐదు పాయింట్లు. అప్పుడు రాజును రాణిని విప్పి చూపినది. పందొమ్మిది పదునైదైనది. బాబాయి మొగము చిన్నబోయెను.

కళావరు జాకీ వేసిన దెబ్బకు బాబాయి పదియు నా ఆసును రాలినవి. మరి యైదు. మొత్తము పది. తరువాత రాజుతో మిగిలిన యొక్క తురుపును లాగినది. అది వాని చేతనే యున్న ఎనిమిది. ఆ పట్టులో పాయింటేమియు రాలేదు. ఇక నైదు కావలెను. ఆమె చేత నున్నవి తురుపు రాణి, ఆఠీను రెండు, ఇస్పేటు ఏడు. ఇస్పేటు ఏడు వేసినది. తనచేత నా జాతి యంతటితో సరి. మరల నది వచ్చిన రాణితో కోయవచ్చును. కాని ఆ జాతి జాకీ ఎవనిచేత నున్నదో ఆమెకు దెలియదు. బాబాయి రాణి వేసెను. వాడు చాలసేపు వేయలేదు. తాతగారు చుట్ట చేతబట్టుకొని ముట్టింపక చూచుచుండిరి. వాడు జాకీ వేసెను. పదుమూడు. వెంటనే ఇస్పేటు పది వేసెను. నాచేత నా జాతిలో తొమ్మిదియే మిగిలియున్నది. అదియు పోయినది. అత్తయ్య రాణితో కోసినది. పదునారు.

బాబాయియు నేనును లేచితిమి.

ఈ కథ చెప్పి, పేకవలన కులము పోయినదని నేననుట లేదు. ఆట ముగిసిన పిదప వాడు మరల పాకకే పోయెను. మా యింటి వంటయింటి గడప వాడు దాటుటకు మరి పదేండ్లు పట్టినది. అదియు తాతగారు పోయిన తరువాత. వానికి మజ్జిగపోయు చెంబు వేఱుగనే యుండెను. అత్తయ్య ఆ చెంబు మార్చలేదు, మార్చుట ఆమె చేతిలోను లేకుండెను. కాని వారము దినములకు తాతగారే, ముగ్గురము కూర్చుండియుండుట చూచి, “వాడేడిరా?” అని యడిగిరి. పేరు పెట్టి యడుగలేదు. అడుగుట మాత్రము జరిగినది. చేతులు నాలుగు గావలసిన యాటకు ఆ యవసరము కలదు. సభలలో మనము సమానత్వమును గూర్చి ఉపన్యసింతుము. అరుగుమీద మనకు వేఱొకరి యవసరము కలుగునట్లు చేసికొనము. వాడు పెద్దవాడై లెక్కల యుపాధ్యాయుడైనాడు. పేకవలననే యైనాడని యెవరైన నన్న వాడు నవ్వును. వాని తల్లి కూలిచేసి పంపిన ఫీజువలన నైనాడు.

బాబాయి సంగతి మరియొకటి. ఆయన యిరవైయెనిమిదిలో బుద్ధిశాలి. కాని దానిలో సొమ్ము లేదని విసుగు. మూడుముక్కలకు పోయి కాలువక్రింది రెండెకరములు పోగొట్టుకొనెను. నేర్పుగలవానికి అదృష్టపు టాటలో నేమి పని యని అత్తయ్య అడిగినది. “నేర్పుతో గెలిస్తే అది నా కష్టం లాగే ఉంటుంది. ఊరికే వస్తే దేవుడిచ్చినట్టుంటుంది” అన్నాడట. జూదరి మనస్సును ఇంతకంటె స్పష్టముగా చెప్పిన గ్రంథము నేను చదువలేదు. పందెమున తెచ్చుకొను దుఃఖము ఆటలోనిది కాదు. ఆ పోయిన రెండెకరములు పిన్నమ్మ నగలతో గొన్నవని చెప్పిన, ఎవరి ముక్కలతో ఎవరు పాడిరో చదువరులకే తెలియును.

ఆ పొలము పోయిన యేడే ఇంటి లెక్కలు అత్తయ్య చేతికి వచ్చినవి. ప్రత్తి తూకపు చీటీలు, ఎరువుల యప్పు, కూలి లెక్క. మా తండ్రిగారు పుస్తకము చూచి చెప్పుదురు, ఆమె చూడకుండ చెప్పెడిది. ముప్పదిరెండు ముక్కలలో పడినదేది పడనిదేది యని ముప్పదియేండ్లు తలుపు చాటున లెక్కపెట్టిన బుద్ధికి, ఒక కమీషను వ్యాపారి చీటీలో బస్తాకు రెండు కిలోలు తరుగు పోవుట కనబడకుండునా?

ఇంటిలో నీయాట పెట్టదలచినవారికి కొన్ని సూచనలు. సొమ్ము, చివరకు పైసయైనను, పెట్టవలదు. చింతగింజలు పెట్టుడు, లేదా ప్రక్కనబెట్టిన యిరువది ముక్కలనే గుర్తులుగా వాడుకొనుడు. మా యింట జంటకు ఆరు గుర్తులు. ఇరువదిలోపు పాట చెల్లిన నొక గుర్తు వచ్చును. చెల్లకున్న రెండు పోవును. ఓటమికి ఖరీదు హెచ్చుగా నుండుట మంచిదే. లేకున్న పిల్లలు నోటికి వచ్చినట్లెల్ల పాడుదురు. జంటవానికి దగ్గుతోను, ముక్క వేయు తీరుతోను సైగచేయుట దొంగతనమే. మా యూరిలో దీనిని గొప్ప నేర్పుగా జెప్పుకొనువారును గలరు. వారితో నాడకుండుటయే మేలు. కొత్తగా నేర్చుకొను పిల్లను అనుభవజ్ఞునికి జంటగా గాక, ఎదుటిపక్షమున కూర్చుండబెట్టుడు. జంటగా నుండిన, పెద్దవాని కనుసన్నలు చూచి యాడును. ఎదుట నుండిన, వాని పొరపాట్లు చూచి యాడును.

ఇంటివారు నలుగురే యుండి అందరును బంధువులే యైనచో ఆట బాగుగనే సాగును. కాని యొకచేయి తక్కువయైననాడు వీధిలోనికి చూచుట మఱవకుడు.

నేడు నరసరావుపేట కేంద్రముగ 2022 ఏప్రిల్ 4న పల్నాడు పేరనే జిల్లా యేర్పడినది. మా మనుమరాలు అక్కడి కళాశాలలో చదువుచున్నది. దూరవాణిలోనే ఈ యాట యాడును. అందు ముక్కలు అదియే పంచును, లెక్క అదియే కట్టును, జంటవాడు ఎవడో ఏయూరివాడో తెలియదు. చేత జాతి యుండి వేయకుండుట అసాధ్యము, కావున తగవులును లేవు. నేను రెండుమార్లాడి విడిచిపెట్టితిని. ఆమె మాత్రము సెలవులకు వచ్చినప్పుడు అరుగుమీద పేక పట్టుకొని కూర్చుండి, “తాతయ్యా, పాడు” అనుచున్నది. పాటలో నామెను మించుట కష్టము. నాలుగు ముక్కలలో నొక జాకీ యున్నను పదునేడనును.

మాచర్ల ప్రక్కన కొందరు దంపతులను మొదటి పట్టు గెలువకముందే చూపుదురని విన్నాను. మరికొన్ని గ్రామములలో పాట పదునాలుగుకు బదులు పదునారుతో నారంభింతురట. ఈ భేదములు తెలిసిన సోదరీసోదరులు, తమ యూళ్లలో నాలుగు జాతులకును పట్టులకును వాడు మాటలతోగూడ, ఈ పత్రికకు వ్రాసిన యెడల కృతజ్ఞుడను. ముఖ్యముగా, పెద్దవారలగు స్త్రీలు తలుపు చాటున విని నేర్చిన పేర్లేవైన నున్నచో, వానిని వారి నోటినుండియే వ్రాసికొని పంప ప్రార్థన.